పాత వాల్‌పేపర్ ఊడదీయడం: తొందరపడితే పుట్టీ కూడా లేస్తుంది

ముందు ఒక మూల పట్టి లాగి చూడండి. వినైల్ (ప్లాస్టిక్ పూత ఉన్న) రకమైతే పైపొర చాలాసార్లు పొడిగానే ఊడొస్తుంది, కింద కాగితం మిగులుతుంది. అసలు పని ఆ కాగితంతోనే.

గదికి కరెంటు ఆపి, స్విచ్‌బోర్డుల మీద టేపు అంటించండి. వేడినీళ్లలో కాస్త డిష్‌వాష్ లిక్విడ్ కలిపి, స్పాంజితో తడిపి 10-15 నిమిషాలు ఆగాలి. చాలామందికి ఓపిక లేనిది ఇక్కడే. జిగురు నానకుండా గీకితే పుట్టీ పెచ్చులుగా లేస్తుంది. గీకే బ్లేడును గోడకు బాగా వాల్చి పట్టుకోవాలి. గోడ జిప్సం బోర్డుదైతే (రెండు వైపులా కాగితం అంటించిన జిప్సం పలక) నీళ్లు తక్కువ వాడండి, దాని పైకాగితమూ నానిపోతుంది.

తడి చేత్తో తడిమితే జారుడుగా ఉందా? జిగురు మిగిలినట్టే. దాన్ని కడగకుండా రంగు వేస్తే పగుళ్లిస్తుంది. గోడ పూర్తిగా ఆరాకే పుట్టీ, ప్రైమర్.