రిఫార్మర్ కొనే ముందు క్యారేజ్ తిరగేసి చూడండి

మొన్న ఒంగోలు నుంచి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. ఫిజియో చదివిందంట, ఇంటి మేడ మీద రూములో పిలాటిస్ అనే ఎక్సర్‌సైజు క్లాసులు మొదలుపెట్టాలని ఉందంట, దానికి వాడే మిషన్లు, అదే రిఫార్మర్లు, నాలుగింటి ఫోటోలు పంపి "అక్కా వీటిల్లో ఏది ఎక్కువ రోజులు ఉంటదో చెప్పండి" అని అడిగింది. ఫోటోల్లో అన్నీ బ్రహ్మాండంగానే ఉంటాయి. ఒకదానికి లేత గులాబీ రంగు సీటు, ఇంకోటి రిసెప్షన్ స్టేజీ మీద సోఫా మాదిరి తెల్లగా మెరిసిపోతా ఉంది. క్యారేజ్, అంటే దాంట్లో జారే పరుపు చెక్క, దాని కింద భాగం ఫోటో ఉందా అని అడిగా. లేదంట. అమ్మేవాళ్లని అడిగితే "అది దేనికి మేడం" అన్నారంట.

దేనికంటే, నా మొదటి రిఫార్మర్ ఇప్పుడు మా మిద్దె మీద ఉంది, మా అమ్మ దాని మీద వడియాలు పెట్టుకుంటా ఉంది.

తెలీనోళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. రిఫార్మర్ అంటే మంచం లాంటి ఫ్రేము, దాంట్లో పట్టాల మీద ముందుకీ వెనక్కీ జారే పరుపు చెక్క, అదే క్యారేజ్, దాన్ని ఒక పక్కకి లాగి పట్టుకునే నాలుగైదు స్ప్రింగులు, కాళ్లు పెట్టి తోసే ఫుట్‌బార్, చేతులకీ కాళ్లకీ తగిలించుకునే తాళ్లు. అంతే. జోసఫ్ పిలాటిస్ అని 1883లో జర్మనీలో పుట్టినాయన, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్లు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో నిర్బంధంలో పెడితే అక్కడ మంచం పట్టినోళ్ల చేత ఎక్సర్‌సైజులు చేయించడానికి మంచాలకి స్ప్రింగులు కట్టాడని చెప్తారు, తర్వాత 1920ల్లో న్యూయార్క్ పోయి స్టూడియో పెట్టాడు. అంటే పుట్టుకతోనే ఇది మంచం, చివరికి మా మిద్దె మీద మళ్లీ మంచమే అయింది. కరెంటు లేదు, మోటర్ లేదు, ఇంత చిన్న మిషన్లో పాడయ్యేవి కదిలే ముక్కలే, అవన్నీ కింద ఉంటాయి, మనం చూసేది పైన సీటు రంగు.

నా మొదటిది మడత పెట్టేది, నెల్లూర్లో నా స్టూడియోకి 78 వేలు పెట్టి ఆన్‌లైన్లో తెప్పించా. అది వచ్చిన వారం రొట్టెల పండగ, దర్గామిట్ట వైపు అసలు లారీ రానీరు, డ్రైవరు నెల్లూరు బయట బండి ఆపుకుని నాలుగు సార్లు ఫోన్ చేశాడు, అట్టా మొదలైంది మా కాపురం. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తర్వాత క్యారేజ్ జారేటప్పుడు టక్ టక్ టక్ అని శబ్దం, రైలు పట్టా అతుకు మీద పోయినట్టు. చక్రం ఒక పక్క అరిగి చదునైపోయింది. అమ్మినోళ్లకి ఫోన్ చేస్తే చక్రాలు విడిగా ఇవ్వం మేడం, క్యారేజ్ మొత్తం మార్చాల, అది కూడా స్టాక్ లేదు అన్నారు. ఇంతలో 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను వచ్చింది, స్టూడియో మూసేసి ఇంట్లో కూర్చున్నాం, కిటికీ సందులోంచి జల్లు కొట్టిందేమో తిరిగొచ్చి చూస్తే స్ప్రింగుల మీద కారప్పొడి చల్లినట్టు తుప్పు.

అప్పుడు వచ్చాడు మా చిన్నాయన. ఆయనకి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి, గుంట నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు నడుపుతాడు, పిలాటిస్ అంటే ఏందో ఇప్పటికీ తెలీదు, అడిగితే ఆసుపత్రికి సంబంధించిందేదో అంటాడు. వచ్చీ రాగానే క్యారేజ్ ఎత్తి వెల్లకిలా తిప్పాడు.

"ఇదేందమ్మే, చక్రం ప్లాస్టిక్‌లో పోతపోసి రివిట్ కొట్టేసినాడు. ఇప్పేదెట్టా?"

"ఇప్పకూడదంట చిన్నాయనా, మొత్తం మార్చాలంట."

"ఏరేటర్ కొనేటప్పుడు మేం హెచ్‌పీ తర్వాత అడుగుతాం, ముందు బేరింగ్ నంబర్ అడుగుతాం. ఆ నంబర్ నెల్లూర్లో దొరికితేనే కొంటాం. రాత్రి రెండింటికి ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్ది, కంపెనీవోడు వచ్చిందాకా ఆగుతావా?"

నాకు అప్పటిదాకా వంద వీడియోల్లో రానిది అక్కడ అర్థమైంది. ఉప్పు గాలిలో మిషన్లు నడిపేవాళ్లని వదిలేసి నేను ఎక్కడో చలిదేశం వాళ్ల రివ్యూలు చూసుకుంటా కూర్చున్నా.

రెండోది కొనడానికి ఆయన్ని వెంటబెట్టుకుని చెన్నై పోయా, అక్కడ ఒక స్టూడియో ఎత్తేస్తా ఉంటే సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతున్నారు. చిన్నాయన జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకొచ్చాడు. ఆ స్టూడియో అమ్మాయి స్ప్రింగ్ రంగుల గురించి ఇంగ్లీషులో చెప్తా ఉంటే ఈయన కింద పడుకుని బోల్టులకి అయస్కాంతం ఆనిస్తా ఉన్నాడు, నాకు సిగ్గేసింది కానీ నోరు మూసుకున్నా. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌కి అయస్కాంతం దాదాపు అంటుకోదు, మామూలు ఇనుముకి పూత పూసిందైతే ఠక్కున పట్టుకుంటది. ఒకటి గుర్తుపెట్టుకోండి, స్ప్రింగులకి మాత్రం అంటుకుంటది, అవి చేసేదే కార్బన్ స్టీల్ తీగతో, పైన నికెల్ లాంటి పూత, దానికి కంగారు పడొద్దు.

చక్రాలు బోల్టుతో ఉన్నాయి. లోపల బేరింగ్ 608. స్కేటింగ్ బూట్లకి వేసేదే, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయట 22, మందం 7, ఏ బేరింగ్ షాపుకి పోయినా డబ్బా తీసి ముందర పెడతాడు. కొనేటప్పుడు రెండు పక్కలా రబ్బర్ సీల్ ఉన్నది అడగండి, రేకు మూతది వద్దు, మన దుమ్ముకీ తేమకీ అది నిలవదు. పైన బరువు మోసే చక్రాలే కాకుండా క్యారేజ్ పక్కలకి ఊగకుండా పట్టాని ఆనుకుని తిరిగే చిన్న చక్రాలు ఉంటాయి, అవి చాలామంది చూడరు. స్ప్రింగులన్నీ తీసేసి క్యారేజ్‌ని ఒక్క వేలుతో తొయ్యండి, చివరిదాకా చప్పుడు లేకుండా పోవాలి, తర్వాత క్యారేజ్ మీద భుజాలు ఆనించే దిమ్మెలు పట్టుకుని అడ్డంగా ఊపండి, కదిలితే ఆ పక్క చక్రాల పని అయిపోయినట్టే. పట్టా ఒకే పొడుగు ముక్కనా, మధ్యలో అతుకు ఉందా అన్నది వేలు పెట్టి తడిమి చూడండి. ఫుట్‌బార్ మీద బరువంతా వేసి ఊగండి, లాక్ దగ్గర గలగలమంటే వద్దు. మడత పెట్టేది అయితే ఆ మడత బందులు కూడా ఇట్టానే చూడాలి, ఇంట్లో ఒక్కళ్లు వారానికి మూడు రోజులు చేసుకోడానికైతే సరే గానీ రోజుకి ఏడెనిమిది మంది ఎక్కే చోట మడత మిషన్ పెట్టొద్దనే నేను చెప్తా. స్ప్రింగులు కాకుండా సాగే రబ్బరు తాడు పెట్టినవి అయితే ఇంటికి కూడా వద్దు, సాగీ సాగీ నైట్ ప్యాంటు ఎలాస్టిక్ మాదిరి అయిపోతాయి.

ఇప్పుడు స్ప్రింగుల సంగతి. ఇక్కడ చిన్నాయనతో నాకు గొడవైంది. ఆటోనగర్లో లేత్ ఆయన దగ్గర తీగ ఇస్తే చుట్టిస్తాడు, ఇంత డబ్బు పెట్టి తెప్పించుకోవడం ఎందుకు అంటాడు ఆయన. బేరింగులు, బోల్టులు, కింద రబ్బరు బుడిపెలు ఇక్కడివే వాడండి, ఏం కాదు. స్ప్రింగ్ మాత్రం ఆ మిషన్ చేసినవాళ్ల దగ్గరే కొనండి, ఎందుకంటే సాగదీసి ఉన్నప్పుడు కొక్కెం తెగితే అది పోయి మనిషికే తగులుద్ది, పైగా రెండు స్ప్రింగులు ఒకే లాగుడు ఉండకపోతే క్లయింటు నడుము ఒక పక్కకి తిరుగుద్ది. బ్యాలెన్స్‌డ్ బాడీ లాంటి రిఫార్మర్లు చేసే పెద్ద కంపెనీలే రెండేళ్లకోసారి స్ప్రింగులు మార్చేయమంటాయి, చూడ్డానికి బాగున్నా సరే. మధ్యలో నెలకోసారి గుడ్డతో తుడుస్తా చూసుకోవాలి, తగిలించకుండా వదిలేసినప్పుడు చుట్టకి చుట్ట అతుక్కుని ఉండాలి, మధ్యలో సందు కనపడినా, వంకర తిరిగినా, కొక్కెం అరిగినా తీసి పారెయ్యాలి. దాచిపెట్టొద్దు, దాచిపెడితే ఏదో రోజు మళ్లీ తగిలిస్తాం, నా సంగతి నాకు తెలుసు. స్ప్రింగ్ ఎంత బలంగా లాగుద్దో చెప్పే రంగులు కూడా అందరికీ ఒకటి కాదు. బ్యాలెన్స్‌డ్ బాడీకి పసుపు అన్నిటికన్నా తేలిక, ఆకుపచ్చ బరువు, ఇంకో కంపెనీకి ఆ లెక్కే వేరు, కాబట్టి రంగు చూసి వేరే కంపెనీది తెచ్చి తగిలించొద్దు.

తాళ్లు మాత్రం పడవలకి, వలలకి తాళ్లు అమ్మే షాపులో తీసుకున్నా. మొదట నైలాన్ తెచ్చి తప్పు చేశా, అది సాగుద్ది, వారానికి కుడి చెయ్యి తాడు రెండు వేళ్లు పొడుగైంది. పాలిస్టర్ అల్లిక తాడు అయితే అంతగా సాగదు.

చెక్కా అల్యూమినియమా అని అందరూ అడుగుతారు. మేపుల్ చెక్క ఫ్రేము అందంగా ఉంటది, జారేటప్పుడు చప్పుడు తక్కువ, నాకూ అదే ఇష్టం. కానీ సముద్రానికి ఇంత దగ్గర్లో, చెదలు గోడలోంచి నడుచుకుంటా వచ్చే ఊళ్లో నేను అల్యూమినియమే తీసుకున్నా. గిద్దలూరు, మార్కాపురం వైపు పొడి ఎండ, అక్కడైతే చెక్క గురించి ఆలోచించొచ్చు. మన వడ్రంగి చేత చేయించుకుంటే అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఉదయగిరి వాళ్లు చెక్క గరిటెలు చేస్తే చూస్తానే ఉండిపోతాం, చేతి పనితనానికి లోటు లేదు, కానీ ఎనిమిది అడుగుల పొడుగునా రెండు పట్టాలు వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉండాలి, వర్షాకాలం ఒకసారి చెక్క ఉబ్బిందా క్యారేజ్ మధ్యలో బిగుసుకుంటది.

ఆ ఒంగోలు అమ్మాయికి ఇంకో మాట చెప్పా, మీ ఇంట్లో కింద ఏం రాయి అని. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అంట, అద్దం మాదిరి. కాళ్ల కింద మందం రబ్బరు షీటు వెయ్యకపోతే మనిషి తోసే తోపుకి మిషన్ మొత్తం గోడకి పోయి ఆనుకుంటది. ఇంకా మన ఇళ్లల్లో కడిగిన నీళ్లు పోవాలని మేస్త్రీ ఒక మూలకి వాటం పెడతాడు గదా, స్ప్రింగులు తీస్తే క్యారేజ్ దానంతటదే ఆ మూల వైపు జారుద్ది. అందుకే కాళ్లు మరతో ఎత్తూ పల్లం సర్దుకునేట్టు ఉండాలి. మేడ మీదికైతే మెట్ల మలుపు టేపుతో కొలుచుకోండి. పొడుగు దాదాపు ఎనిమిది అడుగులు, బరువు డెబ్భై కిలోల చుట్టుపక్కల. నేను కొలవలేదు. బాల్కనీలోంచి మోకులు కట్టి లాగించా, వీధంతా బయటికొచ్చి చూసింది.

తెచ్చుకున్నాక రోజూ పట్టాలు పొడి గుడ్డతో తుడవడమే పెద్ద పని. నూనె వెయ్యొద్దు, కిర్రుమంటే మనకి వెంటనే కొబ్బరి నూనో గ్రీజో చేతికొస్తది, దానికి దుమ్మూ వెంట్రుకలూ అంటుకుని చక్రం చుట్టూ ముద్ద కడతది. మా దగ్గర వెంట్రుకలతో పాటు మల్లెపూల రేకులు కూడా వస్తాయి, పొద్దున బ్యాచ్ ఆడాళ్లు గుడికి పోయి సరాసరి వస్తారు. తలకి నూనె పెట్టుకొస్తే హెడ్‌రెస్ట్ మీద సొంత తువాలు వేసుకోమంటా. సీటుని ఫినాయిలు, స్పిరిటు పెట్టి రుద్దితే ఏడాదికే పగుళ్లు, సబ్బు నీళ్లు చాలు.

నిన్న రాత్రి ఆ అమ్మాయి గులాబీ రంగు దాని కింద ఫోటో ఎట్టనో తెప్పించి పంపింది. చక్రానికి బోల్టు ఉంది, పట్టాకి అతుకు లేదు, బేరింగ్ మీద నంబర్ మాత్రం మసకగా ఉంది. చిన్నాయనకి ఫార్వర్డ్ చేశా, ఆయన ఇంకా గుంట కాడి నుంచి రాల్యా.