వెనక వచ్చే దుప్పి

2024 ఏప్రిల్ 20, శనివారం. మార్కాపురం, రాత్రి 10 గంటలు.

శ్రీశైలం దగ్గరి సున్నిపెంటలో ఉంటున్న చెల్లెలికి ఆవకాయ పెట్టుకోవడానికి మామిడికాయల బస్తా చేర్చి రావడమే ఈరోజు పని. కారు అన్నయ్య కొడుకు నడిపాడు. వాడికి డ్రైవింగ్ వచ్చి ఏడాది కూడా కాలేదు, అడవి దారిలో నడపడం ఇదే మొదటిసారి. అందుకే ముందు సీట్లో వాడి పక్కనే కూర్చున్నాను.

ఐదున్నరకే దోర్నాల చెక్‌పోస్టు చేరుకున్నాం. శ్రీశైలం దారి పెద్దపులుల అడవి గుండా పోతుంది కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అక్కడ రాకపోకలు ఆపుతారు. ఆ నియమం మంచిదే, దాని వల్ల ఎన్నో జీవాలు బతుకుతున్నాయి. అయితే ఈ ఉదయం వరుసలో నిలబడి చూస్తున్నప్పుడు, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న ఒక బాధ మళ్లీ పైకి వచ్చింది. గేటు ఎత్తగానే, అంతసేపు ఆగి ఉన్న కార్లు, జీపులు, బస్సులు ఒక్కసారిగా కదిలి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయాయి. దుప్పులు రాత్రంతా మేసి, ఎండ ఎక్కకముందే నీడ పట్టుకు చేరడానికి రోడ్డు దాటే సమయం సరిగ్గా అదే. సాయంత్రమూ అంతే. తొమ్మిదిలోపు గేటు దాటాలన్న తొందర జనంలో మొదలయ్యే వేళకే అవి మేతకూ నీళ్లకూ బయటికి వస్తాయి. చీకటికి గేటు ఉంది గానీ మసక వెలుతురుకు లేదు.

ఈ బాధకు కారణం నా చేతుల్లోనే ఉంది. ఆరేళ్ల క్రితం, ఇలాంటి వేసవి సాయంత్రమే, ఈ దారిలోనే తుమ్మలబైలు అనే ఊరు దాటాక ఒక చుక్కల దుప్పి నా కారుకు అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. అది దాటిపోయింది. గండం తప్పిందనుకుని, పోయిన వేగాన్ని అందుకోవడానికి యాక్సిలరేటర్ నొక్కాను. అప్పుడే ఎడమవైపు పొదలోంచి రెండోది దూకింది. చప్పుడు పెద్దగా కూడా రాలేదు. దిగి చూస్తే రోడ్డు అంచున పక్కకు పడి ఉంది. ఆడది. నోటి దగ్గరికి వంగితే ఇప్పపువ్వు వాసన వచ్చింది. పెదవికి ఒక తెల్లటి పువ్వు అంటుకునే ఉంది. మెడ కింద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, నరం కొట్టుకుంటోంది, కాసేపటికి ఆగిపోయింది. ముందు గిట్టల చీలికలో చిన్న తారు ముద్ద గట్టిపడి ఉంది. అంటే ఆ రోడ్డును అది ఎన్నిసార్లు దాటి ఉంటుందో!

కబురు అందుకుని వచ్చిన అటవీ శాఖ సిబ్బందిలో నడివయసు చెంచు వాచర్ ఒకరున్నారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఆయన అన్నదిది: "ముందుది దాటిందంటే దారి ఖాళీ అయినట్టు కాదు సార్. వెనకది ముందుదాన్నే చూస్తుంటది, బండిని చూడదు."

ఆ తర్వాత దుప్పుల గురించి దొరికినదల్లా చదివాను, అడవికి వెళ్లినప్పుడల్లా గమనించాను. చుక్కల దుప్పి ఒంటరిగా తిరిగే జీవం కాదు. అనుభవమున్న ఆడది ముందు నడిస్తే పిల్లలూ తక్కినవీ దాని వెంట వస్తాయి, కాబట్టి ఒకటి కనిపించిందంటే పొదల్లో మరికొన్ని ఉన్నాయనే అనుకోవాలి. దాని కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడం వల్ల చుట్టూ కదిలేదాన్ని ఇట్టే పసిగడుతుంది గానీ, ఎదురుగా సూటిగా వచ్చేది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో అంచనా కట్టడం దానికి కష్టం. మసక వెలుతురులో చూడడానికి తయారైన కన్ను అది. వెనకభాగంలో వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉండబట్టే మన లైట్లకు అలా మెరుస్తుంది. అంతటి కంట్లో పెద్ద లైటు పడితే ఏమీ కనిపించక నిలబడిపోతుంది. ప్రమాదం వాసన తగిలితే మొదట కదలకుండా నిలవడం, తప్పదనుకుంటే ఎటు తోస్తే అటు ఒక్క దూకు దూకడం దానికి పుట్టుకతో వచ్చిన నేర్పు. పులి నుంచీ రేచుకుక్కల నుంచీ ఆ నేర్పే దాన్ని కాపాడుకుంటూ వచ్చింది. తారురోడ్డు మీద అదే ప్రాణం తీస్తోంది.

దారిలో అబ్బాయికి ఒక లెక్క చెప్పాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు నడుస్తుంది. దుప్పిని చూసి, కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఒక సెకను గడుస్తుంది. ఆ తర్వాత బండి ఆగడానికి, రోడ్డు పొడిగా ఉన్నా, మరో 35 మీటర్లయినా కావాలి. డిప్ చేసిన లైటు వెలుతురు అంత దూరం సరిగా పడదు. 40లో పోతే మొత్తం 20 మీటర్లలో ఆగిపోవచ్చు. ఇంకొక మాట కూడా చెప్పాను: ఎంత భయం వేసినా స్టీరింగ్ పక్కకు తిప్పకూడదు, తిన్నగా పట్టుకుని బ్రేకు వెయ్యాలి. ఘాట్ మలుపుల్లో పక్కకు తిప్పితే లోయో చెట్టో ఎదురు వచ్చే బండో తగులుతుంది.

చిన్నారుట్ల దాటాక ఒక కుటుంబం కారు ఆపుకుని కొండముచ్చులకు అరటిపళ్లు, మరమరాలు విసురుతోంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. పుణ్యమనుకునే చేస్తారు, వాళ్లది చెడ్డ మనసు కాదు. కానీ కొండముచ్చులు కొమ్మల మీంచి రాల్చే ఆకులూ కాయలూ ఏరుకోవడానికి దుప్పులు వాటి కిందకు చేరడం అడవిలో మామూలు సంగతి. కొండముచ్చులను రోడ్డు పక్కకు అలవాటు చేస్తే దుప్పులనూ అక్కడికి పిలిచినట్టే. దిగి ఆ పెద్దాయనకు చేతులు జోడించి ఈ సంగతి చెప్పాను. ఆయన మరమరాల సంచి మూతి కట్టి డిక్కీలో పెట్టేశారు. నాకు చాలా సంతోషమైంది.

చెల్లెలి ఇంట్లో కాయలు కడిగి తుడిచి ఆరబెట్టి, భోజనం చేసి బయలుదేరేసరికి ఆరుంపావు. శిఖరేశ్వరం దాటాక పొద్దు గుంకింది. పున్నమి దగ్గర పడడంతో వెన్నెల ఉంది గానీ చెట్ల కింద రోడ్డు నల్లగానే ఉంది. వెనక ఒక జీపు రెండు కిలోమీటర్లుగా హారన్ కొడుతూనే ఉంది.

తుమ్మలబైలు దాటిన మలుపులో రెండు పచ్చటి చుక్కలు మెరిశాయి. నేను చెప్పేలోపే అబ్బాయి వేగం తగ్గించి, లైటు డిప్ చేసి ఆపేశాడు. ఆడదుప్పి. ముందుకాలితో రెండుసార్లు నేలను తట్టి, తోక ఎత్తి, రోడ్డు దాటింది. దాని వెనక మరొకటి, ఆపైన ఇంకా ముదరని కొమ్ములతో ఒక మగది. వెనక జీపు దాటిపోవడానికి కుడివైపుకు రావడం చూసి, కిటికీలోంచి చెయ్యి చాపి ఆగమని ఊపాను. ఒక్క క్షణం నా గుండె ఆగినంత పనైంది. జీపు ఆగింది. నాలుగోది, ఐదోది వెళ్లాయి. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.

"వెళ్లనా చిన్నాన్నా?" అన్నాడు.

నేను మాట్లాడేలోపే ఎడమవైపు గడ్డి కదిలి, మేకపిల్లంత దుప్పి పిల్ల ఒకటి తారు మీద అడుగు పెట్టింది. గిట్ట జారి తడబడింది. మన వైపు చూడనే లేదు, అవతలి పొదల వైపే చూస్తూ నాలుగు దూకుల్లో దాటిపోయింది.

జీపువాడు మళ్లీ హారన్ కొట్టలేదు. అబ్బాయి బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు.

"ఇంకొకటి ఉందేమో, ఉండు చిన్నాన్నా" అన్నాడు.