పీణ్యాలో మా ఫర్నేస్ లాగర్ ఎందుకు ఆగిపోయేదంటే

హీట్ ట్రీట్‌మెంట్ షాపులో, అంటే లోహపు భాగాలను వేడిచేసి గట్టిపరిచే చోట, ఫర్నేస్ (కొలిమి) వేడిని చూపే గ్రాఫ్ లేకపోతే సరుకు గేటు దాటదు. గేర్లను 920, 930 డిగ్రీల దగ్గర గంటల తరబడి కార్బురైజ్ చేసి (పై పొరలోకి కార్బన్ ఎక్కించి), ఆయిల్‌లో క్వెంచ్ చేసి (ఒక్కసారిగా చల్లార్చి), ఆ తర్వాత పెళుసుతనం తగ్గడానికి టెంపరింగ్‌కి పెడతాం. పైకి చూస్తే ఏ గేరైనా ఒకటే. కేస్ డెప్త్ (గట్టిపడిన పై పొర లోతు) వచ్చిందో లేదో కోసి చూసిన ముక్క చెప్తుంది. ఫర్నేస్ అంతసేపూ ఆ వేడి మీదే నిలబడిందా అన్నది మాత్రం గ్రాఫే చెప్పాలి. అది మధ్యలో తెగిందంటే కస్టమర్ ఆ ఛార్జి (ఒకేసారి ఫర్నేస్‌లో పెట్టిన గేర్ల బ్యాచ్) మొత్తాన్ని పక్కన పెట్టేస్తాడు. బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో నేను మెయింటెనెన్స్ చూసే యూనిట్‌లో లాగర్ ప్రోగ్రాం (వేడి రీడింగులు రాసుకుని గ్రాఫ్ గీసేది) చెప్పాపెట్టకుండా మూసుకుపోవడం మొదలైనప్పుడు నాకు కంటి మీద కునుకు లేకపోయింది అందుకే.

ఏర్పాటు మామూలుదే. ఒక్కో ఫర్నేస్‌కి కె టైపు థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్), దానికో కంట్రోలర్. కంట్రోలర్లన్నీ ఆర్ఎస్-485 వైరు మీద ఒక కన్వర్టర్‌కి వచ్చి, అక్కణ్ణుంచి యూఎస్‌బీ ద్వారా విండోస్ 10 పీసీకి చేరతాయి. ప్రోగ్రాం 5 సెకన్లకోసారి రీడింగులు తీసుకుని సీఎస్‌వీ ఫైల్లో రాస్తుంది, అదే లెక్కన తెర మీద గ్రాఫ్ గీస్తుంది. హ్యాంగ్ అవదు, ఎర్రర్ చూపించదు. ఉన్నట్టుండి ఖాళీ డెస్క్‌టాప్ కనిపిస్తుంది, అంతే.

షాపులో తలా ఒక మాట అన్నారు. కరెంటు అని ఒకరు, పక్క షెడ్డులో వెల్డింగ్ వల్ల అని ఒకరు, కన్వర్టర్ పాడైందని ఇంకొకరు. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే పీసీ ఫార్మాట్ చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫార్మాట్ చేస్తే ఇన్నాళ్ల లాగ్‌లు తుడిచిపెట్టుకుపోతాయి, రోగం ఏమిటో ఇక ఎప్పటికీ తెలీదు.

ముందు, పీసీలో జరిగినవి విండోస్ నమోదు చేసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. కరెంటు పోయి పీసీ ఆగి ఉంటే సిస్టమ్ లాగ్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఈవెంట్ పడుతుంది. అది ఎక్కడా లేదు. అప్లికేషన్ లాగ్‌లో మాత్రం ఆగిన ప్రతిసారీ ఎర్ర గుర్తుతో ఈవెంట్ 1000, అందులో మా ప్రోగ్రాం పేరు, పక్కన సి0000005 అనే కోడ్. ప్రోగ్రాం తనది కాని మెమరీని ముట్టుకోబోతే విండోస్ దాన్ని అక్కడికక్కడ మూసేసినప్పుడు పడే కోడ్ అది. అంటే పీసీ బాగానే ఉంది, పడిపోతున్నది ప్రోగ్రామే. కన్వర్టర్ సంగతి తేల్చడానికి ఫర్నేస్ ఖాళీగా ఉన్నప్పుడు యూఎస్‌బీ కేబుల్ లాగేశాను. కమ్యూనికేషన్ ఫెయిల్ అని చూపిస్తూ ప్రోగ్రాం నడుస్తూనే ఉంది, మళ్లీ పెట్టగానే అందుకుంది. ర్యామ్‌ని విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్‌తో పరీక్షిస్తే అదీ శుభ్రంగానే ఉంది.

ఆగే వేళల్లో ఏ పోలికా కనిపించలేదు. ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి సాయంత్రం, ఒకసారి మధ్యాహ్నం భోజనాల వేళ. దాంతో గడియారం వదిలేసి సీఎస్‌వీ ఫైళ్లు ముందేసుకున్నాను. ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ కొత్త ఫైల్ మొదలవుతుంది కాబట్టి, మొదటి వరుస టైమూ చివరి వరుస టైమూ తీస్తే అది ఎంతసేపు బతికిందో తెలుస్తుంది. ఒక్కొక్కటీ తీసి రాస్తూ పోతే దాదాపు అన్నీ పదమూడున్నర గంటల దగ్గరే తెగాయి! మధ్యాహ్నం 2 గంటల షిఫ్టులో మొదలుపెడితే తెల్లవారుజామున మూడున్నరకి పోతుంది. అప్పుడు మళ్లీ తెరిస్తే సాయంత్రం 5 గంటలకి పోతుంది. కొన్ని ఫైళ్లు మాత్రం ఇంకా పొడుగ్గా ఉన్నాయి, అవన్నీ ఆదివారాలవి. ఆదివారం ఆఫీసువాళ్లు ఆ పీసీ మీదే ఎక్సెల్‌లో రిపోర్టులు చేసుకుంటారని గుర్తుంది కానీ, దానికీ దీనికీ ఉన్న సంబంధం వెంటనే తట్టలేదు.

దారి చూపించింది రాత్రి షిఫ్టు ఆపరేటరు. హిందూపురం కుర్రాడు, చదివింది ఐటీఐ, కళ్లు మాత్రం చాలా చురుకు. "అన్నా, ఆగిపోయే ముందు మెనూలో అక్షరాలు పోతాయి. బటన్లు నల్లగా అయితాయి. ఎవరూ అడగలే గానీ నేను చూస్తానే ఉన్నా" అన్నాడు. అక్షరాలు, బటన్లు. అంటే తెర మీద బొమ్మ గీసే పనిలో ఏదో అయిపోతోంది. అంతకుముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ చూస్తే పెద్దగా పెరగలేదు కాబట్టి అటువైపు ఎవరి చూపూ పోలేదు.

విండోస్‌లో గీత గీయాలంటే ప్రోగ్రాం ఒక పెన్ను, రంగు నింపాలంటే ఒక బ్రష్, అక్షరాలకి ఒక ఫాంట్ అడిగి తీసుకుంటుంది. వీటిని జీడీఐ ఆబ్జెక్టులు అంటారు. పనైపోయాక వదిలేయాలి. ఒక్కో ప్రోగ్రాంకి విండోస్ మామూలుగా పెట్టిన హద్దు 10,000. అది దాటితే కొత్తది ఇవ్వదు. దొరికిందో లేదో చూసుకోకుండా ముందుకుపోయే ప్రోగ్రాం అక్కడ పడిపోతుంది.

టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి, పై వరుస మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో జీడీఐ ఆబ్జెక్ట్స్ ఎంచుకున్నాను. కుర్రాడు పక్కన నిలబడ్డాడు. 4,316. గ్రాఫ్ గీత ఒక చుక్క ముందుకి జరిగింది, 4,317. మళ్లీ జరిగింది, 4,318. వాడు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గ్రాఫ్‌ని మినిమైజ్ చేశాను. అంకె అక్కడే ఆగిపోయింది. "తెరువన్నా" అన్నాడు. తెరిచాను, మళ్లీ కదిలింది. ఆదివారాల గుట్టు కూడా అప్పుడే తెలిసిపోయింది. ఎక్సెల్ కోసం గ్రాఫ్‌ని కిందికి దించిన రోజుల్లో గీత గీయడమే లేదు, అందుకే ప్రోగ్రాం ఎక్కువసేపు నిలిచింది. 5 సెకన్లకి ఒకటంటే గంటకి 720. తెరిచినప్పుడే 250 దాకా ఉంటాయి. మిగిలినవి పదమూడున్నర గంటల్లో నిండిపోతాయి.

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ఈ హద్దును 65,536 దాకా పెంచుకునే వీలుంది. పెంచుదామని ఓనరు అన్నారు. నేను వద్దన్నాను. చావు నాలుగు రోజులు వెనక్కి జరుగుతుందే తప్ప ఆగదు, పైగా ఎప్పుడు పోతుందో అంచనా ఇంకా కష్టమవుతుంది. దానికి బదులు ప్రతి షిఫ్టు మార్పులోనూ, ఛార్జికీ ఛార్జికీ మధ్య ప్రోగ్రాంని మూసి తెరవాలని, గ్రాఫ్‌ని చూడనప్పుడు మినిమైజ్ చేసి ఉంచాలని కాగితం రాసి మానిటర్ పక్కన అంటించాం. ఆ ఏర్పాటు మొదలైనప్పట్నుంచి నడుస్తున్న ఛార్జి మధ్యలో ఆగలేదు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లని కదిలించడానికి మాటలు చాలవు. రిజిస్ట్రీలో విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ కింద లోకల్‌డంప్స్ అనే కీ తయారుచేసి, డంప్‌టైప్ 2 అని ఇస్తే, ప్రోగ్రాం పడిపోయిన క్షణంలో దాని మెమరీ మొత్తం ఒక ఫైలుగా మిగులుతుంది. ఫర్నేస్ పని లేనప్పుడు కావాలనే పడిపోనిచ్చి ఆ ఫైలు, అంకె పెరుగుతున్న వీడియో, ఫైళ్ల నిడివి రాసుకున్న పట్టిక మూడూ పంపించాను. ఈసారి ఫార్మాట్ మాట ఎత్తలేదు. గ్రాఫ్‌ని తిరిగి గీసే ప్రతిసారీ కొత్త పెన్ను తీసుకుని పాతది వదలని చోటు దొరికిందని చెప్పి కొత్త ఈఎక్స్ఈ (ప్రోగ్రాం ఫైలు) పంపారు. అది వేశాక జీడీఐ అంకె ఎంతసేపు చూసినా మూడొందలు దాటడం లేదు.

మిగిలింది అంతకుముందు గ్రాఫ్ తెగిన ఛార్జిల పంచాయితీ. ఒక్కో ఛార్జిలోంచి ఒక గేరు కోయించి, మైక్రో హార్డ్‌నెస్ పరీక్షతో కేస్ డెప్త్ కొలిపించి, ఆపరేటర్లు చేత్తో రాసుకున్న రీడింగులతో కలిపి కస్టమర్‌కి పంపాం. చాలామటుకు ఒప్పుకున్నారు. ఒక ఛార్జిలో మాత్రం గ్రాఫ్‌తో పాటు చేతిరాత కూడా లేని ఖాళీ ఉంది. ఆ ఛార్జి గేర్లను మేమే తీసేశాం.