షాంబోర్ రాళ్లు వచ్చిన దారిలో

ఫ్రాన్స్‌లోని బ్లువా పట్టణంలో వంతెన దాటి, లువార్ నది ఎడమ గట్టెక్కి ఎగువకు పరుగు మొదలుపెడితే చాలాసేపటి వరకు ఎత్తుపల్లాల మాటే ఉండదు. ఎడమ చేతి వైపు నది, కుడి చేతి వైపు పొలాలు, కూరగాయల మళ్లు, అక్కడక్కడా నల్లని పలకరాతి కప్పుల ఇళ్లు. నేను గోదావరి గట్టు మీద ఆడుకుంటూ పెరిగినవాణ్ని. వెడల్పాటి నది, మధ్యలో ఇసుక తిన్నెలు, ఊళ్లను కాచే మట్టి కట్ట చూడగానే కాళ్లకు తెలిసిన చోటే అనిపించింది. పోలిక వరదల్లో కూడా ఉంది. 1846, 1856, 1866 సంవత్సరాల్లో లువార్ కట్టలు తెంచుకుంది. నది ఒడ్డు ఊళ్లలో గోడల మీద గీత గీసి, పక్కన ఆ సంవత్సరం చెక్కి ఉంచుతారు. ఒక గీత నా భుజం కంటే పైన ఉంది. దాని ముందు నిలబడి నీళ్లు తాగుతూ, ఇంత నెమ్మదిగా కదిలే నది అంత ఎత్తుకు ఎలా లేచిందా అని చాలాసేపు చూశాను.

నేను వెళ్లింది మే నెలలో. లువార్ ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పొడవైన నది, వెయ్యి కిలోమీటర్ల పైమాట. సుల్లీ నుంచి షాలొన్ వరకు ఉన్న లోయను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తం పరుగెత్తడం నా వల్ల అయ్యే పని కాదు, నాకు ఆ కోరికా లేదు. బ్లువా పట్టణాన్ని, షాంబోర్, షవెర్నీ కోటలను కలిపి ఒక చుట్టు చుట్టి మళ్లీ బ్లువాకే చేరే దారి ఎంచుకున్నాను. పారిస్‌లోని ఓస్టర్‌లిట్జ్ స్టేషన్‌లో రైలెక్కితే బ్లువా ఒకటిన్నర గంట ప్రయాణం. పెద్ద సంచి బసలో వదిలేసి, వీపున చిన్న సంచితో బయలుదేరాను.

గట్టు మీద దాదాపు 15 కిలోమీటర్లు వెళితే సాన్-దియే అనే ఊరు వస్తుంది. ఈ ప్రయాణం మొత్తంలో నా మనసు దోచుకున్నది ఈ ఊరే. రాతి పలకలు పరిచిన రేవు నది వైపు వాలుగా దిగుతుంది. ఒడ్డున అడుగు చదునుగా ఉండే చెక్క పడవలు కట్టి ఉన్నాయి. ఊరికి మించిన పెద్ద చర్చి. షాంబోర్ కోట కట్టడానికి రాళ్లు పడవల మీద వచ్చి దిగింది ఈ రేవులోనే. మేస్త్రీలు, పనివాళ్లు కాపురం ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఇక్కడ దించిన రాయిని బండ్ల మీద కోట దాకా తోలుకెళ్లేవారు. ఆ దూరం ఐదు కిలోమీటర్ల లోపే.

ఆ ఐదు కిలోమీటర్లు ఎవరైనా కాలినడకనో పరుగునో వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను. బస్సులో వచ్చి వాహనాలు నిలిపే చోట దిగితే షాంబోర్ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు కనిపిస్తుంది. అడవి మధ్య, ఏ కొండా గుట్టా లేని చదును నేల మీద ఇంత కట్టడం ఎలా లేచిందో అర్థం కాదు. రేవు నుంచి వస్తే అర్థమవుతుంది. నది, రేవు, బండి దారి, తర్వాత కోట. ఊపిరి బరువెక్కే కొద్దీ ఆ బండ్లను లాగిన పశువుల గురించి, తోలిన మనుషుల గురించి ఆలోచన రాకుండా ఉండదు.

దారిలో ముందు ఎదురయ్యేది గోడ. షాంబోర్ అడవి చుట్టూ 32 కిలోమీటర్ల పొడవున రాతి ప్రహరీ ఉంది. లోపలి విస్తీర్ణం 5,440 హెక్టార్లు, దాదాపు పారిస్ నగరమంత. జింకలు, అడవి పందులు తిరిగే చోటు కాబట్టి అడవిలో ఎక్కువ భాగంలోకి ప్రవేశం లేదు. గుర్తు పెట్టిన దారులు వదలకుండా పరుగెత్తాలి. గేటు దాటాక రోడ్డు చెట్ల మధ్య తిన్నగా సాగుతుంది. చెట్ల కొసల మీద మొదట కనిపించేవి పైకప్పు మీది గోపురాలు, పొగగొట్టాలు. చాలాసేపు అవి మాత్రమే కనిపిస్తూ, దగ్గరవుతూ ఉంటాయి. ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్లు, నీళ్లకు అవతల తెల్లని గోడలు.

కోట పని 1519లో మొదలైంది. కట్టించినవాడు మొదటి ఫ్రాన్సువా రాజు. మధ్యలో జంట మెట్లు ఒకే స్తంభం చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి వెళతాయి. ఒక దారిలో ఎక్కేవారు రెండో దారిలో దిగేవారిని కిటికీల్లోంచి చూడగలరు కానీ ఎదురుపడరు. వీటి వెనుక లియొనార్డో డావిన్చి ఆలోచన ఉందని చాలామంది చరిత్రకారుల నమ్మకం. ఆయన కన్నుమూసిందీ ఆ ఏడాదే, ఇక్కడికి దిగువన ఇదే నది ఒడ్డున ఉన్న అంబువాజ్‌లో. మోనాలిసా చిత్రాన్ని 1939లో యుద్ధ భయంతో పారిస్ నుంచి తెచ్చి దాచింది కూడా ఈ కోటలోనే.

నేను ఎక్కువసేపు గడిపింది డాబా మీద. పొగగొట్టాలను దగ్గరగా చూస్తే తెల్లరాతిలో నల్లని పలకరాతి ముక్కలు పొదిగి ఉన్నాయి. గుండ్రనివి కొన్ని, నలుచదరాలు కొన్ని. ఇటలీ పాలరాతి పనికి దీటుగా ఉండాలని ఈ ప్రాంతంలో దొరికే పలకరాతితో చేసిన ఏర్పాటు అది. తెల్లరాయి ఎంత మెత్తనిదంటే, శతాబ్దాలుగా వచ్చినవారు గోకిన పేర్లు దాని మీద ఇంకా చదవగలం. వేలితో తాకితే పొడిపొడిగా, వెచ్చగా తగిలింది. ఇంత శ్రమతో కట్టించిన రాజు తన 32 ఏళ్ల పాలనలో ఇక్కడ గడిపిన కాలమంతా కలిపినా రెండున్నర నెలలకు మించదు. తరాల తరబడి ఈ కోటతో బతికినవాళ్లు సాన్-దియే పడవవాళ్లు, రాతి పనివాళ్లు, గోడ లోపలి రైతులు. నా దృష్టిలో ఈ కోట వాళ్లది.

షాంబోర్ నుంచి బ్రాస్యూ ఎనిమిది కిలోమీటర్లు, అడవి నీడలో హాయిగా సాగే దారి. ఊరి మధ్య 16వ శతాబ్దపు సంత కొట్టం ఉంది. లావుపాటి చెక్క స్తంభాలు, దూలాలు, పైన పెద్ద కప్పు. ఆ రాత్రి అక్కడే బస. పొద్దున్నే రొట్టెల దుకాణంలో వేడి రొట్టె కొనుక్కుని, ఆ కొట్టం కింద కూర్చుని తిన్నాను.

నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఈ పల్లెల్లో దారి పొడవునా దుకాణాలు ఉండవు. ఉన్నవి మధ్యాహ్నం మూసేస్తారు. ఫ్రాన్స్ పల్లెల్లో పరుగెత్తేవాళ్లకు తెలిసిన ఉపాయం శ్మశానవాటిక కొళాయి. సమాధుల మీది పూలమొక్కలకు పోయడానికి ప్రతి ఊళ్లోనూ దాదాపుగా ఒకటి ఉంటుంది. తాగకూడదు అన్న బోర్డు లేదని చూసుకుని పట్టుకోవాలి. ఒక ఊళ్లో నేను తటపటాయిస్తుంటే, సమాధి దగ్గర పూలు సర్దుతున్న ఒక పెద్దావిడ నా సీసా అందుకుని తానే నింపి ఇచ్చింది. ఎక్కడికని అడిగితే షవెర్నీ అన్నాను. దారి చూపిస్తూ, ద్రాక్షతోటల పక్క నుంచి వెళ్లమనీ, వాహనాల రోడ్డు వద్దనీ చేతులతోనే వివరించింది. ఆవిడ చెప్పినట్టే వెళ్లాను. రొమొరాంతాన్ అనే ద్రాక్షతో చేసే తెల్ల వైన్‌కు ఈ చుట్టుపక్కల పేరుంది. వరుసల మధ్య మట్టి ఇసుకపాలు ఎక్కువ, మోకాళ్లకు మెత్తగా ఉంటుంది.

షవెర్నీ స్వభావమే వేరు. 17వ శతాబ్దపు కట్టడం, ఒకే వంశం వారి చేతిలో ఉంది. సందర్శకులను 1922 నుంచి అనుమతిస్తున్నారు. దీని రాయి కాలం గడిచే కొద్దీ ఇంకా తెల్లబడుతుంది. వేట కుక్కలు వంద దాకా ఉన్నాయి. వాటి మేత వేళకు జనం కంచె చుట్టూ చేరతారు. యజమాని సైగ చేసే దాకా ఒక్క కుక్క కూడా తిండి ముట్టదు. ఆ క్రమశిక్షణ చూసి నిజంగా ఆశ్చర్యపోయాను.

అక్కడి నుంచి సెలెత్, రూసీ అడవి మీదుగా బ్లువా. సెలెత్ పక్కనే బోరెగార్ కోట ఉంది, అలసటగా ఉన్నా వదలకండి. ఒక పొడవాటి గది గోడల నిండా రాజులు, రాణులు, మంత్రుల బొమ్మలు 327. నేల మీద నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊరి నీలి పలకలు, వాటిలో ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీ సైన్యం కవాతు చేస్తూ ఉంటుంది.

ఈ చుట్టంతా చేసే తీరిక లేనివాళ్లు సాన్-దియే రేవు నుంచి షాంబోర్ దాకా పరుగెత్తి మళ్లీ రేవుకు రండి. రానూపోనూ పది కిలోమీటర్లు, కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికీ కష్టం కాదు. పొద్దున్నే బయలుదేరితే బస్సుల కంటే ముందే కోట దగ్గర ఉంటారు.