టీచర్ ట్రైనింగ్‌లో లెక్కల పేపర్: పావు గడి దగ్గర పోయిన నా పరువు

నిన్ననే మార్కులొచ్చాయి, పాసయ్యాను. ఉక్రోషం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

సీటు, సర్టిఫికెట్లు, సైకాలజీ పేపరు... వాటి గురించి చెప్పుకోడానికేం లేదు, చదివితే అయిపోతాయి. అసలు కథంతా లెక్కల పేపర్‌దే. ఒకటి నుంచి ఎనిమిదో క్లాసు దాకా చెప్పబోయేవాళ్లకి లెక్కలు నేర్పే పేపరన్నమాట. నాదేమో డిగ్రీలో మ్యాథ్స్, ఇంటిగ్రేషన్లు చేసొచ్చినవాడికి కూడికలూ తీసివేతలూ నేర్పడమేంటని మొదటి నెలంతా వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటూ గడిపేశా.

మొదటి దెబ్బ చిన్నదే. మేడమ్ బోర్డు మీద 7 + 6 = □ + 4 అని రాసి, పిల్లలు గడిలో ఏం రాస్తారు అనడిగారు. నేను ఠక్కున 9 అన్నా. "జవాబు అడగలేదు నాయనా, పిల్లలు ఏం రాస్తారని అడిగా" అన్నారు. కొంతమంది 13 రాస్తారట, కొంతమంది అన్నీ కలిపేసి 17 రాస్తారట, ఎందుకంటే చాలామంది పిల్లలకి ఆ రెండు గీతలంటే రెండు పక్కలా సమానం అని కాదు, ఇక జవాబు రాసెయ్ అని. ఇన్నేళ్లు లెక్కలు చదివి నాకు ఇది ఎప్పుడూ తట్టలేదు. సరేలే అనుకున్నా.

తర్వాత వచ్చింది భిన్నాల రోజు. "డిగ్రీ లెక్కలాయన ఎవరు, రా ఇలా" అని పిలిచి రెండున్నరని ముప్పావుతో భాగించమన్నారు. 5/2 ఇంటూ 4/3, 20/6, అంటే 10/3, అంటే 3⅓. పది సెకన్లు పట్టలేదు. చేతికంటిన సుద్ద దులుపుకుని వెనక్కి వస్తుంటే "ఆగు, ముప్పావుని తలకిందులు ఎందుకు చేశావ్?" అన్నారు. రూల్ మేడమ్ అన్నా. "ఎవరు పెట్టారు?" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు.

"పోనీ దీనికో కథ చెప్పు, పిల్లలకి చెప్పేలాంటిది." నేను ధీమాగా, రెండున్నర లీటర్ల నీళ్లున్నాయి, అందులో ముప్పావు వంతు తాగేశాం, ఎంత తాగాం అన్నా. ముందు బెంచీలో ఒకమ్మాయి, లెక్కలు పదో క్లాసుతో వదిలేసి ఆర్ట్స్ చదివొచ్చిన అమ్మాయి, "అది గుణకారం కదండీ, రెండు లీటర్లు కూడా దాటదు, మీరు మూడు పైన రాశారు" అంది. అప్పుడు నా మొహం చూడాలి.

అక్కడితో వదిలేశారా, లేదు. రెండున్నర మీటర్ల రిబ్బన్ గీయి, ముప్పావు మీటరు ముక్కలు ఎన్నొస్తాయో చూడు అన్నారు. పావు పావు చొప్పున గీస్తే పది గళ్లు వచ్చాయి. మూడేసి గళ్లకి ఒక ముక్క. ఒకటి, రెండు, మూడు ముక్కలు, ఒక గడి మిగిలింది. మూడు ముక్కలూ ఒక పావూ, అంటే 3¼ అని రాసేశా. పక్కనే ఇందాక నేనే రాసిన 3⅓ ఉంది. రెండూ నా చేతిరాతే! ఏది తప్పు అన్నారు మేడమ్, చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయారు. లెక్క రెండుసార్లు సరిచూశా, సరిగ్గానే ఉంది. బొమ్మ చెరిపి మళ్లీ గీశా, మళ్లీ ఆ పావు గడే మిగిలి నన్నే చూస్తోంది. సిగ్గు విడిచి చెప్తున్నా, ఒక్క క్షణం ఆ తలకిందుల రూలే తప్పేమో అనుకున్నా. వెనకనుంచి గుసగుసలు, వీపంతా చెమట, మేడమ్ మాత్రం ఒక్క ముక్క సాయం చేస్తే ఒట్టు. ఆ విషయంలో ఆవిడ మీద ఇప్పటికీ కోపమే.

చివరికి ఆ ఆర్ట్స్ అమ్మాయే లేచొచ్చి మిగిలిన గడి మీద వేలు పెట్టింది. "ఇది మీటర్లో పావే. కానీ మనం లెక్కపెడుతున్నది మీటర్లు కాదుగా, ముక్కలు. ముక్కకి మూడు గళ్లు కావాలి, ఒక్కటే ఉంది. కాబట్టి ముక్కలో మూడో వంతు." అంతే! తర్వాత మిగతాది నాకే వెలిగింది: ఒక మీటర్లో నాలుగు గళ్లు, అంటే 4/3 ముక్క, రెండున్నర మీటర్లకి దానికి రెండున్నర రెట్లు. తలకిందులు చేయడమంటే అదన్నమాట, ఎవరో పెట్టిన రూలు కాదు.

క్లాసయ్యాక మేడమే పిలిచి ఓదార్చారు. లిపింగ్ మా అనే ఆవిడ 1999లో అచ్చు వేసిన పరిశోధనలో 23 మంది అమెరికా టీచర్లని, 72 మంది చైనా టీచర్లని 1¾ ని ½ తో భాగించే లెక్కకి కథ చెప్పమంటే, అమెరికావాళ్లలో కాస్త సరైన కథ చెప్పింది ఒక్కరేనట. చాలామంది అరతో భాగించమంటే రెండుతో భాగించే కథ చెప్పారట. అంటే నాది అంతర్జాతీయ స్థాయి అవమానం, కొంచెం ఊరట.

టీచింగ్ ప్రాక్టీస్‌లో మాత్రం నేను బాగా చేశాను, చెప్పుకోవాలి కదా. ఒక పిల్లాడు 0.45 పెద్దది, 0.5 చిన్నది అని రాశాడు. ఇంతకుముందైతే ఇంటూ కొట్టేవాణ్ణే. ఎందుకురా అనడిగితే "45 పెద్దది కద్సార్" అన్నాడు. వంద గళ్ల చదరం గీసి 45 గళ్లకి, తర్వాత సగానికి రంగు వేయించా, 50 గళ్లు లెక్కపెట్టి వాడే నాలిక కరుచుకున్నాడు. చూడ్డానికొచ్చిన అబ్జర్వర్ మాత్రం పిల్లాడి వైపు కన్నెత్తి చూళ్లేదు, లెసన్ ప్లాన్‌లో మార్జిన్ గీయలేదని మార్కులు కోసేశాడు. మార్జిన్లు గీయండి బాబూ, పిల్లలకి లెక్క వచ్చినా రాకపోయినా.

పరీక్షకైతే గైడ్లు నమ్ముకోవద్దు, ప్రతి రూలుకీ ఒక బొమ్మా ఒక కథా చేసిపెట్టుకోండి. థియరీలో షుల్మన్ అనే అమెరికా విద్యా పరిశోధకుడు, 1986, సబ్జెక్టు తెలియడం వేరు దాన్ని చెప్పడానికి కావలసిన జ్ఞానం వేరు అన్న ఆయన మాట, నేను బట్టీ పట్టే రాశా. అర్థం మాత్రం ఆ పావు గడి దగ్గరే అయింది.

ఆ అమ్మాయికి నాకంటే రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో వచ్చే సెమిస్టర్లో ఉందట, నేనైతే ఇప్పటికే ముందు బెంచీలో బ్యాగు పెట్టేశా.