కింద ఆయిల్ ఉంటే పైన ఉన్నవాళ్లకేంటి?

2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వెళ్లాక ఎన్నూరు పాయలో ఆయిల్ తేలింది కదా, చెన్నైలోనే ఉంటూ చూడకపోతే ఎలా అని వెళ్లాను. ఒడ్డున ఒక పెద్దాయన వల ఉతుకుతున్నాడు. సబ్బుపొడి వేసి ఎంత రుద్దినా నల్లటి జిడ్డు వలని వదలట్లేదు, పైగా ఆయన వేళ్ల నుంచి మోచేతుల దాకా పాకుతోంది. వాళ్ల పెద్దలది నెల్లూరు వైపట, తెలుగులోనే అన్నాడు: "వల పోతే అప్పు చేసి కొంటాం నాయనా, చేపని ఎక్కణ్ణించి తెస్తాం?"

ఈ వారం నైజీరియాలోని బోడో గురించి చదువుతున్నంతసేపూ ఆ మాటే గుర్తొచ్చింది. నైజర్ డెల్టాలో మడ అడవుల మధ్య ఊరు, చేపల మీదే బతుకు. 2008లో షెల్ అనే ఆయిల్ కంపెనీ పైప్‌లైన్ రెండుసార్లు లీకై పాయలన్నీ నల్లబడ్డాయి. వాళ్లు లండన్ కోర్టు దాకా వెళ్తే, 5.5 కోట్ల పౌండ్ల పరిహారానికి కంపెనీ ఒప్పుకునేసరికి 2015 వచ్చింది. ఆ ఏడేళ్లూ ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

అసలు సంగతంతా వాటాలో ఉంది. ఆ డెల్టాలోనే ఒలొయిబిరి అనే చోట నేల కింద ఆయిల్ దొరికింది 1956లో. నైజీరియాకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రాయల్టీలో సగం ఆ ప్రాంతానికే ఇవ్వాలని రాజ్యాంగంలో ఉండేది. తర్వాత వచ్చిన సైనిక ప్రభుత్వాలు భూమి కింద ఉన్న ఆయిలంతా కేంద్రానిదే అని చట్టం చేసి, ఆ వాటాని కోసుకుంటూ పోయాయి. 1999 రాజ్యాంగం కనీసం 13 శాతం అంది, అదీ రాష్ట్ర ప్రభుత్వాల ఖాతాలోకి, మరి ఊరి దాకా వచ్చేసరికి ఏం మిగులుతుంది? ఖజానా ఆయిల్‌తోనే నిండుతుంటే ఏలేవాళ్లకి ఊరి పన్నుతో పనిలేదు, ఆ ఊరికి జవాబు చెప్పాలన్న భయమూ ఉండదు. ఇదే అడిగిన రచయిత, ఆ డెల్టాలోనే ఉండే ఒగోనీ జాతివాళ్ల నాయకుడు కెన్ సారో-వివాని ఏం చేశారు? హత్య కేసు పెట్టి, ఇంకో ఎనిమిది మందితో కలిపి 1995 నవంబర్ 10న ఉరితీశారు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో ఇచ్చిన నివేదిక చూడండి. ఒక ఒగోనీ ఊళ్లో జనం తాగే బావి నీళ్లలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఉండాల్సినదానికంటే 900 రెట్లకు పైగా ఉంది. ఆ నేలంతా బాగుపడటానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చన్నారు. అప్పుడు పుట్టిన ఆడపిల్ల పెరిగి, పెళ్లై, తన బిడ్డకి నీళ్లు పట్టించే దాకా అన్నమాట.