సరఫరా ఆగితే ఫోను ఏమవుతుంది?

విదేశీ మొబైల్ కంపెనీని కట్టడి చేయాలంటే ప్రభుత్వాలు దిగుమతి సుంకం పెంచుతాయని, లేదంటే అమ్మకాలను నిషేధిస్తాయని మనం సాధారణంగా అనుకుంటాం. 2018 నుంచి అమెరికా చైనా కంపెనీలపై ప్రయోగించిన ఎగుమతి నియంత్రణ (తమ విడిభాగాలు, సాఫ్ట్‌వేర్, సాంకేతికత ఆ కంపెనీలకు అందకుండా ఆపడం) అంతకన్నా పదునైనదని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఫోను దుకాణానికి చేరకముందే, తయారీ దశలోనే దాన్ని పట్టుకుంటుంది.

2018 ఏప్రిల్‌లో అమెరికా వాణిజ్య శాఖ చైనా టెలికాం కంపెనీ జెడ్‌టీఈకి ఏడేళ్లపాటు సరఫరాలు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇస్తే, నెల తిరగకముందే ఆ కంపెనీ తన ప్రధాన కార్యకలాపాలు ఆగిపోయాయని ప్రకటించింది. వంద కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

మరో చైనా కంపెనీ హువావేకు అలాంటి రాజీ దొరకలేదు. 2019 మేలో ఆంక్షల జాబితాకు ఎక్కిన ఆ కంపెనీ, సెప్టెంబరులో మేట్ 30 ఫోనును విడుదల చేసింది. కెమెరాలోగానీ, తెరలోగానీ వంక పెట్టడానికి లేని ఆ ఫోనులో ప్లే స్టోర్ లేదు, జీమెయిల్ లేదు, గూగుల్ మ్యాప్స్ లేదు. ఆండ్రాయిడ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కానీ ఈ సేవలకు గూగుల్ లైసెన్సు తప్పనిసరి; ఆంక్షల వల్ల అమెరికా కంపెనీ అయిన గూగుల్ దాన్ని కొత్త హువావే ఫోన్లకు ఇవ్వలేకపోయింది. యాప్‌లను వేరే చోటు నుంచి తెచ్చి వేసుకున్నా చిక్కు తీరదు, ఎందుకంటే వాటిలో చాలావరకు నోటిఫికేషన్లకూ, లొకేషన్‌కూ తెర వెనుక నడిచే గూగుల్ ప్లే సర్వీసెస్ మీదే ఆధారపడతాయి. చైనాలో గూగుల్ సేవలు ముందునుంచీ లేవు కాబట్టి అక్కడి కొనుగోలుదారులకు పెద్ద తేడా తెలియలేదు. యూరప్‌లో మాత్రం ఆ కంపెనీ ఏళ్ల తరబడి కట్టుకున్న మార్కెట్ కరిగిపోయింది.

అసలు దెబ్బ 2020లో పడింది. అమెరికా పరికరాలు, సాఫ్ట్‌వేర్ వాడే ఏ దేశపు కర్మాగారమైనా హువావే కోసం చిప్పులు చేయాలంటే అమెరికా అనుమతి తీసుకోవాలన్నారు. హువావే ఫోన్లకు గుండెకాయ లాంటి కిరిన్ చిప్పుల రూపకల్పన ఆ కంపెనీదే అయినా, అప్పట్లో వాటిని తయారుచేసింది తైవాన్‌లోని చిప్పుల తయారీ సంస్థ టీఎస్ఎంసీ. సెప్టెంబరు మధ్య నుంచి ఆ సరఫరా ఆగిపోయింది. నవంబరులో హువావే తన హానర్ బ్రాండును అమ్మేసుకుంది. మరుసటి ఏడాది వచ్చిన పీ50 ఫోన్లలో అమెరికా కంపెనీ క్వాల్‌కామ్ చిప్పు స్నాప్‌డ్రాగన్ 888ను వాడారు, కానీ 4జీకి మాత్రమే పనికొచ్చే రకం. ప్రపంచానికి 5జీ టవర్ల పరికరాలు అమ్మే కంపెనీ, తన ఖరీదైన ఫోనులో 5జీ ఇవ్వలేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. 2020లో 89,140 కోట్ల యువాన్లున్న దాని ఆదాయం 2021లో 63,680 కోట్లకు పడిపోయింది.

దేశ భద్రతపై ప్రభుత్వాలకుండే ఆందోళనను నేను తేలికగా తీసుకోను. అయితే ఆ వివాదంతో ఏ సంబంధమూ లేని వినియోగదారుడికి తన ఫోనుకు అప్‌డేట్లు ఎంతకాలం వస్తాయో తెలియని స్థితి ఎదురుకావడం అన్యాయం. ఈ ఆంక్షలు కోరుకున్న ఫలితాన్ని పూర్తిగా ఇచ్చాయని కూడా అనలేను. 2023 ఆగస్టులో, అమెరికా వాణిజ్య మంత్రి చైనా పర్యటనలో ఉండగానే, హువావే ఏ వేడుకా లేకుండా మేట్ 60 ప్రోను అమ్మకానికి పెట్టింది. అందులోని కిరిన్ చిప్పు చైనాలోనే, ఎస్ఎంఐసీ అనే చిప్పుల తయారీ సంస్థలో తయారైంది. అది 5జీ ఫోనని కంపెనీ చెప్పుకోలేదు. కొన్నవారే ఇంటర్నెట్ వేగం కొలిచి తెలుసుకున్నారు.